రోమను కంచునాణెములపై శాంతిదేవత

క్రీస్తుశకము 69వ సంవత్సరమున రోమను సామ్రాజ్యమునకు ఒకరి తరువాత ఒకరుగా నలుగురు ప్రభువులైరి. జనవరి 15వ తేదీన డెబ్బదియేండ్లు దాటిన గాల్బా చక్రవర్తి నగరమధ్యమున, పట్టపగలు, తన సైనికులచేతనే హతుడయ్యెను. అతనిని చంపించి గద్దెనెక్కిన ఓథో మూడునెలలు నిండగనే యుద్ధమున ఓడి ఆత్మహత్య చేసికొనెను. ఓథోను గెలిచిన విటెల్లియస్ డిసెంబరు మాసమున రోమునగరపు వీధులలో ఈడ్వబడి చంపబడెను. తుదకు తూర్పుదేశపు సేనలు నిలువబెట్టిన వెస్పాసియన్ రాజ్యమును చేజిక్కించుకొనెను. ఆ యేడు రోమనుల రక్తమును చిందించినవారు పరదేశీయులు కారు, రోమనులే. కాపిటల్ కొండపైనున్న జూపిటరు దేవాలయము సైతము ఆ అంతఃకలహములో కాలి బూడిదయైపోయెను. అయినను ఆ నలుగురును ముద్రింపించిన నాణెములను వరుసగా పేర్చి చూచినచో, నలుగురి నాణెములమీదను కనవచ్చు పదమొకటి కలదు. ఆ పదము 'పాక్స్'. దానికి శాంతి యని యర్థము.

ఈ వైపరీత్యమును చూచి, ఇవి యన్నియు ప్రభువుల బూటకపు మాటలని కొట్టివేయుట సులభము. కాని చరిత్ర విద్యార్థి యంతటితో తృప్తిపడరాదు. బూటకమైనను అందరును ఆ యొక్క మాటనే యేల యెన్నుకొనిరి? ఆ మాటకు రోమనుల భాషలో గల అర్థమెట్టిది? దానిని బంగారు వెండి నాణెములపైననేగాక, కూలివాని చేతిలో మెదలు కంచునాణెముపైన గూడ చెక్కింపవలసిన అగత్యమేమి? ఈ ప్రశ్నలకు సమాధానమును ఆ నాణెములే చెప్పుచున్నవి.

మొదట ఆ నాణెముల స్వరూపమును తెలిసికొనవలెను. ఆగస్టస్ చక్రవర్తి క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దము చివర నాణెములను సంస్కరించినప్పుడు బంగారము, వెండి, కంచు అను మూడు తరగతులు స్థిరపడెను. ఒక బంగారు ఆరియస్ ఇరువదియైదు వెండి డెనారియస్‌లకు సమానము. ఒక డెనారియస్‌కు నాలుగు సెస్టర్షియస్‌లు. ఒక సెస్టర్షియస్‌కు రెండు డుపాండియస్‌లు, లేదా నాలుగు ఆస్‌లు. ఈ కడపటి మూడును నేడు సామాన్యముగ కంచునాణెములని వ్యవహరింపబడుచున్నవి. నిజమునకు సెస్టర్షియస్, డుపాండియస్ అనునవి రాగితో తుత్తునాగము కలిపిన ఇత్తడివి. ఆస్ మాత్రము రాగిది. సెస్టర్షియస్ మిక్కిలి పెద్ద నాణెము. మన వెనుకటి వెండి రూపాయికంటె కొంత వెడల్పైనది, దానికి రెండింతలు బరువైనది. అందుచేత దానిపై శిల్పికి చోటు చాలినంత దొరకెడిది. బొమ్మవైపున చక్రవర్తి ముఖము, బిరుదములు; బొరుసువైపున ఒక దేవతయో, దేవాలయమో, విజయచిహ్నమో చెక్కబడెడివి. దాని ప్రక్కన శాసనసభయగు సెనేటు నిర్ణయమును తెలుపు 'ఎస్. సి.' అను రెండక్షరములు పెద్దవిగా నుండెడివి.

ఈ కంచునాణెము నిత్యజీవితపు నాణెము. అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపే నగరమున ఒక మద్యశాల గోడపై ధరల పట్టిక దొరకినది. సాధారణపు ద్రాక్షాసవమునకు ఒక ఆస్, మంచిదానికి రెండు, శ్రేష్ఠమైన ఫలెర్నియన్ సారాయికి నాలుగు అని అందున్నది. బంగారు ఆరియస్‌ను జీవితమున ఒక్కమారైనను తాకని వాడును ఆస్‌ను ప్రతిదినము తాకెను. వార్తాపత్రికలు లేని ఆ కాలమున ప్రభుత్వము తన మాటను ప్రతి యింటికిని చేర్పగల సాధనము నాణెముకంటె వేరొకటి లేదు. రాతిశాసనమును చూడవలెనన్న మనుష్యుడు దానియొద్దకు పోవలెను. నాణెము తానే మనుష్యుని వెదకికొని పోవును. చదువు రానివానికి సైతము బొమ్మ తెలియును. కావున కంచునాణెముపై నున్న బొమ్మ సామ్రాజ్యము తన ప్రజలలో నెల్ల తక్కువవానితో పలికిన పలుకని మనము గ్రహింపవచ్చును.

ఇక ఆ పలుకు. మన 'శాంతి' శబ్దము శమించుటనుండి పుట్టినది. ఉద్రేకము చల్లారుట, మనస్సు నెమ్మదించుట దాని మూలార్థము. లాటిను భాషలోని 'పాక్స్' అట్టిది కాదు. బిగించుట, కట్టుట, ఒడంబడిక చేసికొనుట అను అర్థములుగల ధాతువునుండి అది జనించినది. భాషాశాస్త్రజ్ఞులు మన సంస్కృతములోని 'పాశ' శబ్దమును గూడ ఆ కుటుంబములోనే చేర్చుదురు. మనము శాంతి యనునప్పుడు తలచునది లోపలి నెమ్మది. రోమనుడు పాక్స్ అనునప్పుడు తలచునది ఇరువురను కట్టివేయు ఒడంబడిక. ఒడంబడికలో బలవంతుడును బలహీనుడును ఉందురు. షరతులను వ్రాయువాడు సామాన్యముగ బలవంతుడే. ఈ భేదమును మనస్సునం దుంచుకొన్నచో నాణెములపై బొమ్మలు చక్కగ నర్థమగును.

పాక్స్ దేవత స్త్రీరూపమున నుండును. ఆమె చేతిలో తరచుగ కనవచ్చునది ఆలివు కొమ్మ. ఆలివు చెట్టు నాటిన వెంటనే ఫలించునది కాదు. అనేక సంవత్సరములు ఓపికతో పెంచినగాని పంట దక్కదు. శత్రుసేన ఒక్కదినమున తోటను నరికిపోవచ్చును. కావున ఆలివు కొమ్మను పట్టుకొనుటయన, నాటినవాడే పంటను కోసికొనగల కాలము వచ్చినదని చెప్పుట. రెండవచేత తరచుగ ఫలపుష్పములతో నిండిన సమృద్ధికొమ్ము ఉండును. కొన్నిటిలో రెండు సర్పములు పెనవేసికొన్న దండము కలదు. అది దేవదూత యగు మెర్క్యురీ దండము, రాయబారులకు చిహ్నము. దానిని ధరించినవానికి శత్రుశిబిరమునందు సైతము ప్రాణభయము లేదని భావము. వేరొక రూపమున ఆమె చేత కాగడా నుండును. దానితో నేలపై గుట్టగ పోసిన డాళ్ళను, కవచములను కాల్చుచుండును. ఇది శాంతికి గుర్తే. కాని కాలుచున్నవి ఎవరి ఆయుధములో పాఠకులు గమనింపవలెను. అవి ఓడినవానివి.

పాక్స్ దేవతకు రాజ్యమున గొప్పస్థానము నిచ్చినవాడు ఆగస్టస్. అంతర్యుద్ధములతో విసిగియున్న ప్రజలకు అతడు తన్ను శాంతిదాతగ చూపుకొనెను. క్రీ. పూ. 13లో సెనేటు శాంతిదేవతకు ఒక బలిపీఠమును కట్టింప నిర్ణయించి, క్రీ. పూ. 9వ సంవత్సరము జనవరి 30వ తేదీన ప్రతిష్ఠింపించెను. అది వెలసిన స్థలము పేరు మార్స్ మైదానము. అనగా యుద్ధదేవతయొక్క మైదానము. 'ఆరా పాకిస్' అను ఈ బలిపీఠము చుట్టును పాలరాతి ప్రాకారముతో నుండెను. దానిరూపమును నీరో చక్రవర్తి తన ఆస్ నాణెములపై ముద్రింపించెను. తరువాత కట్టడము శిథిలమై భూమిలో కలిసిపోగా, పదునారవ శతాబ్దమునుండి శిలాఖండములు బయటపడుచు వచ్చెను. 1937, 1938 సంవత్సరములలో త్రవ్వకములను ముగించి ముస్సోలినీ ప్రభుత్వము దానిని మరల నిలువబెట్టెను. ఆగస్టస్ పుట్టిన రెండువేలయేండ్ల ఉత్సవము దానికి సందర్భము. శాంతిపీఠమును పునరుద్ధరించిన ఆ ప్రభుత్వమే 1940 జూనులో ఇటలీని ప్రపంచయుద్ధమున దింపినది. పీఠము మారలేదు; దానిని చూపించుకొన్నవారి పద్ధతియు మారలేదు.

నీరో కంచునాణెములలో ఇంకొకటి మిక్కిలి ప్రసిద్ధమైనది. రోమునగరమున జానస్ దేవుని చిన్న ఆలయమొకటి యుండెడిది. యుద్ధకాలమున దాని తలుపులు తెరచియుండవలెను. రాజ్యమంతట శాంతి యున్నప్పుడే మూయవలెను. తనకు పూర్వము, నగరము పుట్టినది మొదలు, ఆ తలుపులు రెండుమారులే మూయబడెననియు, తన కాలమున మూడుమారులు మూయుటకు సెనేటు నిర్ణయించెననియు ఆగస్టస్ తన శాసనమున చెప్పికొనెను. నీరో కాలమున, సుమారు 64 మొదలు 67 వరకు, ముద్రింపబడిన సెస్టర్షియస్‌లపైనను, ఆస్‌లపైనను ఈ ఆలయము కనవచ్చును. మూసిన జంటతలుపులు, వాటిపై వ్రేలాడు పూలదండ, చుట్టును లేఖనము. భూమిమీదను సముద్రముమీదను రోమనుప్రజలకు శాంతి సమకూరినందున జానస్ ద్వారమును మూసెనని దాని తాత్పర్యము.

దీనికి ఆధారము లేకపోలేదు. ఆర్మీనియా విషయమై పార్థియనులతో చిరకాలముగ సాగిన వైరము సంధితో ముగిసెను. పార్థియా రాజు తమ్ముడగు టిరిడేటిస్ 66లో రోమునకు వచ్చి, నీరో చేతులమీదుగ కిరీటమును ధరించెను. కాని యదే సంవత్సరమున యూదయ దేశము తిరుగబడెను. ఆర్మీనియా యుద్ధమును నడిపి ఈ సంధికి కారకుడైన సేనాపతి కార్బులో, మరుసటి యేడు నీరో యాజ్ఞచే తన ప్రాణమును తానే తీసికొనవలసి వచ్చెను. నాణెముపై తలుపులు మూసియుండగనే తూర్పున యుద్ధము చెలరేగినది. శాంతిని తెచ్చినవాడు శాంతికాలమున బ్రతుకలేకపోయెను.

ఇప్పుడు మరల 69వ సంవత్సరమునకు వత్తము. గాల్బా సెస్టర్షియస్‌పైన 'చక్రవర్తి శాంతి' యను అర్థముగల 'పాక్స్ ఆగుస్తి' కలదు. ఓథో బంగారు వెండి నాణెములపై 'సర్వప్రపంచశాంతి' యని యున్నది. అతని ప్రభుత్వపు మూడునెలలలో రోము టంకశాలనుండి కంచునాణెమే వెలువడలేదు. విటెల్లియస్ మరల 'పాక్స్ ఆగుస్తి' యనెను. వెస్పాసియన్ 71వ సంవత్సరమున అదే మాటతో, అదే దేవతతో, లెక్కకు మిక్కిలిగ కంచునాణెములను ముద్రింపించెను. కాగడాతో ఆయుధములను కాల్చు పాక్స్ అతని నాణెములపై కలదు. నలుగురిలో మువ్వురు చెప్పినది నెరవేరలేదు, నాల్గవవానిది నెరవేరెను. నాణెమును మాత్రము చూచి, ఏది నిజమగునో ఏది కాదో ఆనాటి ప్రజ కనుగొనుట యెట్లు? నాలుగింటి తూకమును ఒకటే, అక్షరములును ఒకటే.

వెస్పాసియన్ శాంతికి వేరొక ముఖము కలదు. ఆ 71వ సంవత్సరముననే అతని సెస్టర్షియస్‌లపై ఇంకొక చిత్రము వెలువడినది. నడుమ ఖర్జూరవృక్షము, దానిక్రింద చేతితో తలను ఆనించుకొని కూర్చుండి దుఃఖించుచున్న ఒక స్త్రీ, రెండవప్రక్క చేతులు కట్టబడిన బందీయో, లేక శిరస్త్రాణముపై కాలుమోపి నిలిచిన చక్రవర్తియో ఉండును. 'యూదయ పట్టువడినది' యని లేఖనము. 70లో వెస్పాసియన్ కుమారుడు టైటస్ యెరూషలేమును ముట్టడించి పట్టుకొని, అచ్చటి దేవాలయమును నేలమట్టము గావించెను. ఆ కొల్లసొమ్ముతో రోమున శాంతిదేవతకు గొప్ప ఆలయము 75లో ప్రతిష్ఠింపబడెను. యెరూషలేము దేవాలయపు బంగారుపాత్రలు శాంతిదేవత యాలయముననే యుంచబడినవని ఆ యుద్ధమును కన్నులార చూచిన యూదచరిత్రకారుడు జోసీఫస్ వ్రాసెను. ఒకే టంకశాలనుండి, ఒకే సంవత్సరమున, ఒకే లోహముపై రెండు స్త్రీమూర్తులు బయలుదేరినవి: ఆలివు కొమ్మ పట్టిన దేవత, చెట్టుక్రింద ఏడ్చుచున్న యూదయ. ఒకతె యుండుటచేతనే రెండవది కలిగినది. ఆ యేడ్చు స్త్రీబొమ్మను యూదులు మరువలేదు. 1958లో ఇజ్రాయేల్ రాజ్యము తన పదియవ వార్షికోత్సవమునకు ముద్రించిన స్మారకపతకముపై ఒకవైపున ఈ పాతనాణెపు బొమ్మనే చెక్కించి, రెండవవైపున విముక్తిని సూచించు బొమ్మను చెక్కించినది.

ట్రాజన్ కాలమునకు ఈ భావము మరింత బయలుపడినది. డేన్యూబు నది కవతలనున్న డాసియా దేశమును అతడు 101 నుండి 106 వరకు రెండు యుద్ధములలో జయించెను. తరువాత ముద్రింపబడిన అతని సెస్టర్షియస్‌పై పాక్స్ నిలిచియున్నది. ఒకచేత ఆలివు కొమ్మ, ఒకచేత సమృద్ధికొమ్ము, అంతయు పూర్వమువలెనే. కాని ఆమె కుడిపాదము క్రింద డాసియనుని తలయు భుజములును కనవచ్చును. మహిషునిపై పాదముమోపిన దుర్గను మనము ఎరుగుదుము. కాని ఆమె యుద్ధము చేయునప్పటి మూర్తి యది. దానిని మనము శాంతిమూర్తి యని పిలువము. రోమనులకు మాత్రము ఆ రెంటికిని విరోధము తోచలేదు. విరోధము తోచినవారు వారిలో లేకపోలేదు. ట్రాజన్ కాలమువాడే యగు టాసిటస్ తన మామ యగు అగ్రికోలా జీవితమును వ్రాయుచు, బ్రిటను ద్వీపమున రోమనులను ఎదిరించిన ఒక నాయకునిచేత, వారు శాంతియని పేరిడు పనిని తీవ్రముగ నిందింపజేసెను. శత్రువు నోట పెట్టిన ఆ నింద వ్రాసినవాడు రోమను సెనేటు సభ్యుడని మరువరాదు.

ఇంతమాత్రముచేత ఆ శాంతి యంతయు మాయ యని తీర్మానింపరాదు. సరిహద్దులలో యుద్ధములు జరుగుచున్నను, సామ్రాజ్యము లోపల దాదాపు రెండు శతాబ్దములు, నడుమ నడుమ కలిగిన కలహములు తప్ప, బాటలు భద్రముగ నుండెను, మధ్యధరాసముద్రమున ఓడదొంగల భయము తగ్గెను, నగరములు పెరిగెను. ఆ భద్రతయొక్క ఫలమును మన దేశము గూడ కొంత అనుభవించినది. ఈజిప్టు రేవులనుండి ఋతుపవనముల సాయమున బయలుదేరిన ఓడలు భారతదేశమునకు వచ్చి మిరియములను, ముత్యములను, సన్నని వస్త్రములను కొనిపోవుచుండెను. ఏటేట ఐదుకోట్ల సెస్టర్షియస్‌ల సొమ్ము ఇండియాకు తరలిపోవుచున్నదని ప్లినీ పండితుడు వాపోయెను. ఇందొక విశేషము కలదు. అతడు లెక్కించినది కంచునాణెములలో. ఓడనెక్కినవి మాత్రము బంగారు వెండి నాణెములు. విలువ తక్కువై బరువెక్కువైన కంచును అంతదూరము మోసికొనివచ్చుట వర్తకునకు గిట్టదు గదా!

అందుచేత మన తెలుగునేలకు రోమను శాంతిచిహ్నము కంచురూపమున గాక ముఖ్యముగ వెండిరూపమున చేరినది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరకిన లంకెబిందె సొమ్ములో ఆగస్టస్, టైబీరియస్ కాలపు వెండి నాణెములు 1,531 కలవు. దక్షిణభారతమున దొరకిన టైబీరియస్ వెండి నాణెములలో మిక్కిలి విరివిగ కనవచ్చు రకమునందు ఒక స్త్రీ పీఠముపై కూర్చుండి, ఒకచేత రాజదండమును, ఒకచేత కొమ్మను పట్టియుండును. రాజమాత యగు లీవియాను శాంతిదేవతారూపమున చూపిరని పలువురు పండితుల యభిప్రాయము. 1786లో నెల్లూరు సమీపమున ఒక రైతు నాగలికి తగిలిన కుండలో ట్రాజన్, హేడ్రియన్‌ల బంగారు నాణెములు దొరకెను. మెదకుసీమలోని కొండాపురమున, శాతవాహనకాలపు పాటిమన్నులో, రోమను నాణెమును అనుకరించి చేసిన మట్టిబిళ్లలు బయటపడినవి. వాటిని త్రాట గ్రుచ్చి మెడలో వేసికొనెడివారు. చక్రవర్తి ప్రకటన సముద్రము దాటిన తరువాత ప్రకటన కాకపోయినది. లోహమునకు లోహపువిలువ, బొమ్మకు నగవిలువ మాత్రము మిగిలినవి. కావుననే ఆ నాణెమును గూర్చిన నిజమైన పరీక్ష రోమను ప్రజల చేతులలోనే జరుగవలసియుండెను.

ఆ పరీక్ష మూడవ శతాబ్దమున వచ్చినది. 235 నుండి 284 వరకు గల ఏబదియేండ్లలో ఇరువదిమందికి పైగా చక్రవర్తులు రాగా, వారిలో పెక్కుమంది కత్తికి బలియైరి. ఈ కాలపు నాణెములపై 'పాక్స్' మరింత విరివియగుట విచిత్రము. 244లో పారసీక దండయాత్రలో మూడవ గార్డియన్ మరణింపగా, అతని స్థానమునకు వచ్చిన ఫిలిప్ చక్రవర్తి షాపూరు మహారాజుతో సంధి చేసికొనెను. 'పారసీకులతో శాంతి స్థాపితమైనది' యని తన నాణెములపై చాటెను. ఆ సంధిని గూర్చి రెండవపక్షమువారి మాట 1930వ దశకమున బయటపడినది. ఇరానులోని నఖ్షే రుస్తుం వద్ద షాపూరు మూడుభాషలలో చెక్కించిన శాసనమున, ఫిలిప్ తన్ను వేడుకొని ఐదులక్షల డెనారియస్‌లు చెల్లించెనని యున్నది. ఒకే ఒడంబడిక రోమున విజయముగను, పారసీకమున కప్పముగను వ్రాయబడెను. నాణెముపై శాంతియే కాని దాని ధర వ్రాయబడలేదు.

నాణెపు లోహము గూడ ఈ కథనే చెప్పుచున్నది. 215 ప్రాంతమున ప్రవేశపెట్టబడినప్పుడు సగముపాలు వెండిగల కొత్తనాణెము, 270 నాటికి నూటికి అయిదుపాళ్ళ వెండియైన లేక, పైపూత మాత్రము గల కంచుముక్కగ మారెను. దాని యెదుట నిలువలేక గంభీరమైన పాత సెస్టర్షియస్ ఆ కాలముననే ముద్రింపబడుట మానినది. శాంతిదేవత యిప్పుడు తక్కువలోహపు చిన్నబిళ్లపై, తొందరపాటు అచ్చులతో, వంకరటింకరగ నిలిచినది. మాటయు చౌకయైనది, లోహమును చౌకయైనది.

286లో రోమను నౌకాసేనానియగు కరౌసియస్ బ్రిటనును ఆక్రమించి తానే చక్రవర్తినని ప్రకటించుకొనెను. అతని నాణెములలో మిక్కిలి విరివిగ దొరకునవి 'పాక్స్' నాణెములే. అతడంతటితో ఆగలేదు. డయొక్లీషియన్, మాక్సిమియన్ అను నిజమైన చక్రవర్తుల ముఖములను తన ముఖముతో చేర్చి, 'కరౌసియస్, అతని సోదరులు' అను లేఖనముతో, బొరుసువైపున ముగ్గురు చక్రవర్తుల శాంతిని చాటుచు నాణెములు వేయించెను. ఆ సోదరులు ఇతనిని సోదరునిగ ఒప్పుకొననేలేదు. 293లో కరౌసియస్ తన యుద్యోగియగు అలెక్టస్ చేతిలోనే చచ్చెను. అలెక్టస్ గూడ 'పాక్స్' నాణెములనే ముద్రించెను. 296లో రోము సేనలు దిగి అతనిని చంపి ద్వీపమును తిరిగి కైవసము చేసికొనెను.

పాక్స్ దేవత కడపటి దర్శనములలో నొకటి క్రైస్తవమతావలంబి యగు కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కుటుంబమునకు సంబంధించినది. 337లో అతడు మరణింపగ, రాజ్యము అతని ముగ్గురు కుమారుల వశమయ్యెను. వారు అప్పటికే గతించిన తమ నాయనమ్మ హెలీనా పేర, చిన్నవ్రేలి గోరంత కంచునాణెములను ముద్రింపించిరి. వాటిపై ఆలివు కొమ్మతో శాంతిదేవత, 'ప్రజాశాంతి' యను అర్థముగల లేఖనము. ఆ 337లోనే కాన్‌స్టాంటినోపిలు నగరమున ఆ రాజకుటుంబపు జ్ఞాతులు పెక్కుమంది సైనికులచే నరకబడిరి. 340లో అన్నదమ్ములలో పెద్దవాడు తమ్ముని రాజ్యముపైకి దండెత్తి, ఇటలీలో అక్విలేయా వద్ద హతుడయ్యెను. నాయనమ్మ పేరిట వెలసిన శాంతి మనుమల నడుమ మూడేండ్లు నిలువలేదు.

ఈ పరంపరనంతయు చూచిన పిమ్మట మనము తెలిసికొనవలసిన దేమి? శాంతిపదము నాణెముపై నున్నంతమాత్రమున దేశమున శాంతి యున్నదని చరిత్రకారుడు వ్రాయరాదు. ఇది మొదటి పాఠము. పైగా ఆ పదము ఎంత తరచుగ కనబడిన అంత జాగ్రత్త వహింపవలెను. దొరకినదానిని ఎవరును పదేపదే ప్రకటింపరు. ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మనకు ఇది క్రొత్తసంగతి కాదు. ఉత్తరువులోని మాట యొకటి, ఊరిలోని స్థితి యొకటి కావచ్చును. ఆ రెంటి నడుమ దూరమును కొలుచుటయే పరిపాలనను కొలుచుట.

రెండవ పాఠము దీనికంటె ముఖ్యమైనది. గద్దెనెక్కిన ప్రతివాడును, హంతకుడైనను, ఆక్రమణదారుడైనను, తన విజయమునుమాత్రమే చెప్పి యూరకుండలేకపోయెను. సైనికుల జీతములు బంగారముతో, వెండితో తీరవచ్చును. కాని అంగడిలో రొట్టె కొను కంచునాణెముపై అతడు శాంతిని వాగ్దానము చేయవలసివచ్చెను. ప్రజలు యుద్ధమునే కోరియుండినచో ఆ నాణెములపై నిత్యము మార్స్ దేవుడే నిలిచెడివాడు. శాంతి కావలెనని వారు వ్రాసిన గ్రంథము లేదు, చెక్కించిన శాసనము లేదు. వారిని మెప్పింపగోరిన ప్రభువుల అబద్ధములనుండియే వారి కోరిక మనకు తెలియుచున్నది. అబద్ధమును సైతము సాక్ష్యముగ చదువగలుగుట చరిత్రవిద్యలోని మేలు.

రెండవ శతాబ్దమున ముద్రింపబడిన సెస్టర్షియస్‌లు మూడవ శతాబ్దము నడుమవరకు వాడుకలో నుండినవి. అట్టివి నేడు దొరకినప్పుడు చాలవానిపై బొమ్మ పూర్తిగ అరిగియుండును. ముద్రింపించిన ప్రభువు పేరు చదువవలను పడదు. దేవత ముఖము తెలియదు. చేయి చాచిన ఆకారము మాత్రము మిగిలియుండును. దానిని అంతగ అరుగదీసినవి నాలుగైదు తరముల సామాన్యుల చేతులు. ఒడంబడికలు వ్రాసినవారు వారు కారు. ఆ ఒడంబడికలు నిలిచినప్పుడు పంట కోసికొన్నవారును, తప్పినప్పుడు తోటలు పోగొట్టుకొన్నవారును వారే.